మూరెడు బస్సు

ఆ వానాకాలం మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చెయ్యలేదు. బల్ల మీద బస్సు ఉండేది. మూరెడు పొడుగు, బెత్తెడు ఎత్తు, రేకుతో చేసిన బస్సు. పైన మీగడ రంగు, కింద ఇటుక రంగు, పక్కల కంపెనీ పేరు రాయాల్సిన మేర ఖాళీ. మేం ముగ్గురం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని ఒకరు మంచం మీద, ఒకరు మెట్టు మీద, ఒకరు వంటింటి గడప మీద కూర్చుని తినేవాళ్ళం. కూరలో థిన్నరు వాసన. మంచినీళ్ళలో థిన్నరు వాసన. చివరికి దిండు గలీబులకి కూడా అదే వాసన.

"ఏమండీ, ఈ బస్సు ఎప్పుడు బయల్దేరుతుంది?" అని అమ్మ రోజూ అడిగేది.

"రంగు ఆరాక," అనేవాడు నాన్న.

వానాకాలంలో రంగు ఆరడమంటే మాటలా. ఉతికిన బట్టలే ఆరక ఇల్లంతా తాళ్ళు కట్టి వేలాడదీశాం. ఆ తాళ్ళ కింద నుంచి వంగి వంగి నడుస్తూ, రంగు ఆరిందా అని చూపుడువేలితో తాకబోయే అమ్మని నాన్న కసురుతూ, ఆయన్ని అమ్మ విసుక్కుంటూ, ఇద్దరి మధ్యా నేను నలుగుతూ ఆ రోజులు గడిపాం.

మా నాన్న బస్సుల మీద అక్షరాలు రాసే పెయింటరు. ఒకే కంపెనీ, ఒకే షెడ్డు, బతుకంతా అక్కడే. ఆ కంపెనీ బస్సు ఏది ఎదురొచ్చినా, దాని పక్కల మీద పేరు, నెత్తి మీద ఊళ్ళ పేర్లు, వెనకాల 'దూరం పాటించండి', అన్నీ ఆయన చేతి రాతే. తర్వాత షెడ్డులోకి స్టిక్కర్లు వచ్చాయి. వచ్చిన వారంలోనే నాన్న కుంచెలు మూటగట్టుకుని ఇంటికొచ్చేశాడు. వెనక్కి రమ్మని ఎన్ని కబుర్లు పంపినా ససేమిరా అన్నాడు. అది చాలదన్నట్టు మరుసటేడు నాకు ఉద్యోగం దొరికింది. దొరికింది కూడా ఎక్కడ, స్టిక్కర్లు అచ్చేసి అతికించే దుకాణంలో.

"ఇంకే పనీ దొరకలేదా నీకు?" అన్నాడు నాన్న. అప్పట్నుంచి మా ఇద్దరి మాటలూ 'తలుపు వెయ్యి', 'ఫ్యాను కట్టు' దగ్గర ఆగిపోయాయి.

అలాంటి మనిషి దగ్గరికి, తొలి వానలు పడుతున్న రోజుల్లో, గ్రీజు బాబాయి గొడుగు విదిలించుకుంటూ వచ్చాడు. బాబాయి ఆ షెడ్డులో మెకానిక్కు. నాన్నకి సొంత తమ్ముడేం కాదు గానీ, సొంత తమ్ముడి కంటే ఎక్కువ చనువు. ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా గోళ్ళలో నలుపు పోదు కాబట్టి ఆ పేరు. కంపెనీ ఓనరమ్మ పంపిందట. పాత బస్సుల్లో ఇంక మిగిలింది ఒక్కటే, వానలు వెనకబట్టగానే అదీ తుక్కుకి పోతుంది. పోయేలోపు దాని నమూనా చేయించి ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టుకోవాలని ఆవిడ ముచ్చట.

"బాడీ నేను కడతా అన్నయ్యా. రంగూ అక్షరాలూ నువ్వు. అచ్చం దాని మీద ఉన్నట్టే ఉండాలంట, అక్షరం తేడా రాకూడదంట."

వద్దంటాడనుకున్నాం. నాన్న ఆలోచించకుండా ఊఁ అన్నాడు. బాబాయి వెళ్ళాక అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఎందుకంటే నాన్న కుడిచెయ్యి వణుకుతుంది.

ఆ సంగతి ఇంటి గడప దాటకుండా ఆయన కాపలా కాస్తున్నాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు, అక్కడి కాంపౌండరు ఎవరో డ్రైవరుకి బావమరిదట, ఆ నోటా ఈ నోటా పడి షెడ్డుకి చేరుతుందట. షెడ్డు వాళ్ళెవరైనా ఇంటికొస్తే వాళ్ళ ఎదుట టీ గ్లాసు ముట్టుకోడు, చల్లారాక తాగుతానంటాడు. "నా చెయ్యి చూసి వాళ్ళలో ఒక్కడు అయ్యో పాపం అన్నాడంటే, నేను మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకుని నడవలేనే," అని అమ్మతో అన్నాడట. అనడం వరకూ బాగానే ఉంది. ఇప్పుడా చేత్తోనే పెద్దవి గోరంత, చిన్నవి బియ్యపు గింజంత అక్షరాలు రాసి, ఆ షెడ్డుకే పంపిస్తానని కూర్చున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రోజూ సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి ఒకటే దృశ్యం. ముక్కు మీదికి కళ్ళజోడు, వేళ్ళ మధ్య సన్నటి కుంచె, కుడి మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా అదిమిపట్టుకుని నాన్న. మొదటి అక్షరం తలకట్టు దాకా చక్కగా వచ్చేది. తర్వాత గీత ఒక్కసారి అదిరి పక్కకి పోయేది. గుడ్డని థిన్నరులో ముంచి తుడిచేసేవాడు. అక్షరంతో పాటు దాని అడుగున ఉన్న మీగడ రంగు కూడా లేచొచ్చేది. మళ్ళీ రంగు. మళ్ళీ ఆరడం. మళ్ళీ అమ్మ, "ఏమండీ, బస్సు."

ఒకరోజు ఉండబట్టలేక నోరు జారాను.

"నాన్నా, దీనికి వేరే పద్ధతి ఉంది. బొమ్మ విమానాలూ బొమ్మ రైళ్ళూ చేసేవాళ్ళు వాడతారు. డెకాల్ కాగితమని. దాని మీద అచ్చువేసి నీళ్ళలో ముంచితే అక్షరాలు పల్చటి పొరలా ఊడొస్తాయి. ఆ పొరని జరిపి రేకు మీద పెట్టడమే. ఆరితే రాసినట్టే ఉంటుంది."

"అంటే స్టిక్కరు."

"స్టిక్కరు కాదు, నీళ్ళతో..."

"నీళ్ళ స్టిక్కరు." ఒంటికాలి మీద లేచాడు. "నా బస్సు మీద నా ఇంట్లో స్టిక్కరు అంటిస్తావా? కంప్యూటరు అక్షరాలా? సైనికులు వరస కట్టినట్టు నిలబడే ఆ అక్షరాలా?"

"సరే, నువ్వే రాసుకో. వచ్చే వానాకాలానికైనా అవుతుందేమో."

ఆ మాటకి అమ్మ వంటింట్లోంచి గరిట పట్టుకునే వచ్చింది. "మీ ఇద్దరికీ చెప్తున్నాను," అంది. "నేను ఈ గడప మీద కూర్చుని తినలేను. నా నడుం పట్టేసింది. రాస్తారో, అంటిస్తారో, చెక్కుతారో నాకనవసరం. బల్ల ఖాళీ చెయ్యండి. లేదంటే ఆ బస్సెక్కి నేనే ఎటైనా పోతాను."

నాన్న చాలాసేపు కుంచె కడిగాడు. కడిగిన కుంచెనే మళ్ళీ కడిగాడు. చివరికి బస్సుతో చెబుతున్నట్టు, నా వైపు చూడకుండా, "రేపు నీకు సెలవేగా," అన్నాడు. "షెడ్డుకి వెళ్దాం. పాత బస్సు ఫొటోలు తీద్దువుగాని. అక్షరాలు మాత్రం దాని మీదివే కావాలి. కంప్యూటరువి ఒక్కటి కనబడినా బస్సు చెత్తకుండీలో వేస్తా."

అంటే తన చేతి రాతనే ఫొటో తీసి, చిన్నది చేసి, అచ్చు వెయ్యాలి. ఆ మాటేదో సూటిగా అనొచ్చు కదా. అంటే నాన్న ఎలా అవుతాడు.

షెడ్డులో ఆ పాత బస్సు ఓ మూల, చక్రాల్లో గాలి లేక, ఒక పక్కకి ఒరిగి ఉంది. రేకుల కప్పు మీద వాన హోరు, మాట వినబడదు. నేను నిచ్చెన వేసుకుని ఫొటోలు తీస్తుంటే నాన్న కింద నిలబడి మొదలెట్టాడు. వెలుగు పక్కనుంచి పడుతోంది. కొంచెం ఎడమకి. అంత ఎడమకి కాదు. ఆ అక్షరం మీద మట్టి తుడువు. ఎందుకు తుడిచావ్, మట్టితోనే బాగుంది. నెత్తీ నోరూ కొట్టుకోవాలంటే నిచ్చెన మీద చేతులు ఖాళీ లేవు.

గ్రీజు బాబాయి వచ్చి, "ఫొటోలు దేనికి అమ్మడూ?" అన్నాడు.

"కొలతలకి," అని నాన్న ఠక్కున అందుకున్నాడు. "రాసేటప్పుడు ఎదురుగా ఉంటే సుఖం."

బాబాయి నాన్న మొహంలోకి చూసి, తల పంకించి, స్పానరు తీసుకుని వెళ్ళిపోయాడు. నిచ్చెన మీదనుంచి నేను ఆ అబద్ధం విని పళ్ళు నూరుకున్నాను. రేపు అచ్చు వేసేదీ నేనే, అతికించేదీ నేనే, రాసింది మాత్రం ఈయన.

అసలు తిప్పలు అక్కడినుంచి మొదలయ్యాయి. నాకు మామూలు స్టిక్కర్లు తెలుసు. లారీలకీ దుకాణాల అద్దాలకీ వేసిన చెయ్యి. ఈ మూరెడు బస్సు ముందు ఆ అనుభవం ఎందుకూ కొరగాలేదు. అచ్చువేసిన కాగితాన్ని పైన వార్నిషు కొట్టకుండా నీళ్ళలో ముంచాను. కంపెనీ పేరు గిన్నెలో ఎర్రటి నీళ్ళయి కూర్చుంది. "బాగుంది," అన్నాడు నాన్న, "స్టిక్కర్ల కంపెనీ వాళ్ళ పనితనం." రెండోసారి వార్నిషు కొట్టాను. ముసురులో కొట్టానేమో, గాలిలో తడికి అది పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఎండ తొంగిచూసిన ఓ మధ్యాహ్నం దుకాణంలో సెలవడిగి ఇంటికొచ్చి మళ్ళీ కొట్టాను. ఓనరు ఎందుకని అడిగితే బస్సుందని చెప్పాను. ఎక్కడికి ప్రయాణం అన్నాడు. ఏం చెప్పను.

మూడోసారి పొర చక్కగా ఊడొచ్చింది, చక్కగా కూర్చుంది, ఆరింది. పక్కకి వంగి చూస్తే అక్షరాల చుట్టూ తెల్లటి మెరుపు. ఏ వైపు నుంచి చూసినా ఇది అంటించింది అని చాటుతోంది. రంగు గరుకుగా ఉంటే పొర కింద గాలి చిక్కుకుని అలా మెరుస్తుందని తర్వాత తెలుసుకున్నాను. ముందు బస్సంతా నున్నగా మెరిసే వార్నిషు కొట్టాలి, దాని మీద పొర పెట్టాలి, పని అయ్యాక మెరుపు చంపే వార్నిషు ఇంకొకటి కొట్టాలి.

"ముసలి బస్సుకి పెళ్ళికూతురు మెరుపేంటి?" అన్నాడు నాన్న.

"తర్వాత చంపేస్తాం నాన్నా."

"చంపేదానికి ఇప్పుడు ముస్తాబెందుకు?"

ఇలా ప్రతిదానికీ. కానీ ఒకటి మాత్రం గమనించాను. మెరుపు వార్నిషు కొట్టడానికి స్ప్రే డబ్బా మూత ఊడదీసి, ఎంత దూరంలో పట్టుకోవాలో, చెయ్యి ఆపకుండా ఎలా జరపాలో నాకు చెప్పింది ఆయనే. తిడుతూనే చెప్పాడు. నేనూ గొణుగుతూనే విన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, బయట వాన కుండపోతగా పడుతుండగా, కుడి పక్క పేరు పెట్టడానికి కూర్చున్నాం. బాబాయి పనిమంతుడు కాబట్టి రేకు మీద అసలు బస్సుకి ఉన్నట్టే రివెట్ల బుడిపెలన్నీ పెట్టాడు. పొర వాటి మీద గుడారంలా లేచి నిలబడుతుంది. దాన్ని మెత్తబరిచి బుడిపెల మీదికి దించడానికి ఓ మందు ఉంది. కుంచెతో ఆ మందు రాశాను. అంతే, కళ్ళముందే కంపెనీ పేరు ముడతలు పడిపోయింది. ఎండుటాకులా ముడుచుకుంటోంది.

నాలుగేళ్ళుగా రోజూ చేసే పని కదా, చెయ్యి దానంతటదే కదిలింది. మా పనిలో ముడత కనబడితే ఆలోచించం. ప్లాస్టిక్ బద్ద దగ్గరుంటే బద్దతో, లేకపోతే బొటనవేలితో, మధ్యనుంచి చివరికి ఒక్క తోపు తోసేస్తాం. తోశాను. పొర నా వేలితో పాటే వచ్చింది. పేరులో సగం బస్సు మీద, సగం నా బొటనవేలి మీద.

నాన్న నా బొటనవేలి వైపు చూస్తూ కూర్చున్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది.

"అను నాన్నా. ఏదో ఒకటి అను."

"తడి మీద చెయ్యెందుకు వేశావ్?"

"ముడత పడింది."

"పడితే?"

"పడితే వదిలేస్తారా?"

"తడిది ఏదైనా ఆరేదాకా ముట్టుకోకూడదు," అన్నాడు. "ఏమైనా కానీ. ఈగ వాలనీ, నీళ్ళ చుక్క పడనీ, ఆరాక చూసుకోవాలి. అది తెలియకుండానే మీరు బస్సులకి అంటిస్తున్నారా?"

నా దగ్గర ఈ పక్కకి ఇంకొక అచ్చు ఉంది. ఆఖరిది. కాగితం మళ్ళీ తెప్పించేలోపు వానలు ఆగిపోతాయి, పాత బస్సు కూడా పోతుంది. చేతులు తుడుచుకుని, రేకు శుభ్రం చేసి, మళ్ళీ పెట్టాను. ఈసారి మందు రాయగానే నాన్న కుర్చీ నా పక్కకి లాక్కున్నాడు. "రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకో," అన్నాడు. పెట్టుకున్నాను. ముడతలు వచ్చాయి, మొదటిసారి కంటే ఎక్కువే వచ్చాయి. నా వేళ్ళకి దురద పుట్టినట్టయింది.

"ఎంతసేపు?" అన్నాను.

"ఆరేదాకా."

"ఈ వానలో ఎప్పటికారుతుంది?"

"ఆరినప్పుడు."

అమ్మ టీ తెచ్చి, బల్ల మీద పెట్టడానికి బస్సుని కొంచెం జరపబోయింది. "ముట్టుకోకు," అని ఇద్దరం ఒకే గొంతుతో అరిచాం. అమ్మ అక్కడే నిలబడిపోయింది. "తండ్రీ కూతుళ్ళు ఇన్నాళ్ళకి ఒక్కమాట మీదికి వచ్చారు, అదీ నన్ను కసరడానికి," అని టీ కింద పెట్టి వెళ్ళిపోయింది.

బస్సుని చూస్తూ కూర్చున్నాం. చేసేదేం లేదు. అలా పని లేకుండా నాన్న పక్కన కూర్చుని ఎంతకాలమైందో నాకు గుర్తులేదు. చల్లారాక తాగుతాననకుండా, నా ఎదుటే ఎడమచేత్తో టీ గ్లాసు ఎత్తి తాగాడు.

"అక్కడ నీకు నిచ్చెన ఎక్కే పనుంటుందా?" అన్నాడు కాసేపటికి.

"ఉంటుంది. దుకాణాల బోర్డులకి."

"కింద ఎవరైనా పట్టుకుంటారా?"

"పట్టుకుంటారు."

"ఎవరూ లేకపోతే ఎక్కకు."

"ఎక్కను."

"ఊఁ," అన్నాడు. ఆ దుకాణంలో చేరినప్పటినుంచి నా పని గురించి ఆయన అడిగిన మొదటి మాట అదే.

పొర దిగుతూ వచ్చింది. ముడతలు ఒక్కొక్కటే అణిగాయి. రివెట్ల మీదికి అక్షరాలు వంగాయి. చీకటి పడేసరికి రేకుకీ పేరుకీ మధ్య పొర ఉందని పెట్టిన నాకే తెలియలేదు. తర్వాతి రోజుల్లో ఎడమ పక్కా వెనకా కూడా అలాగే పెట్టి, మెరుపు చంపాం. నాన్న స్పాంజి ముక్కతో చక్రాల పక్క దుమ్మూ, కిటికీల కింద వాన కారిన చారలూ అద్దాడు. స్పాంజి పనికి చెయ్యి వణికినా ఫరవాలేదు, ఇంకా సహజంగా వస్తుంది. అయ్యాక కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. "ఆ రెండో అక్షరం కొంచెం కిందికి ఉండాల్సింది," అన్నాడు.

"అది నువ్వు రాసిందే నాన్నా. అసలు బస్సు మీదే అలా ఉంది."

"ఉంటే? దిద్దొచ్చుగా."

భగవంతుడా అనుకుని ఊరుకున్నాను.

వానలు తగ్గాక బస్సుని పాత దుప్పట్లో చుట్టి షెడ్డు ఆఫీసుకి తీసుకెళ్ళాం. దారి పొడుగునా నాన్న ఒకటే పాఠం. "నువ్వేం మాట్లాడకు. అచ్చు మాటెత్తకు. అడిగితే నేను చెప్తాను." ఊఁ ఊఁ అంటూనే నడిచాను. లోపల ఉడికిపోతున్నాను. నా సెలవులన్నీ దీనికి తగలేసి, వేళ్ళకి వార్నిషు పొరలు కట్టి, చివరికి నోరు కూడా కట్టుకోవాలట. అయినా ఆయనకి కావలసింది పొగడ్త కాదని నాకు తెలుసు. చెయ్యి మాట రాకుండా ఇవాళ్టికి గట్టెక్కితే చాలు ఆయనకి.

ఓనరమ్మ బాగా పెద్దావిడ. బిల్లులు చదువుకునే భూతద్దం తీసుకుని బస్సు చుట్టూ తిరిగింది. గ్రీజు బాబాయి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ పేరు దగ్గర ఆగింది. ఒక్కో అక్షరం చూసింది. మొహం విప్పారింది.

"ఈ తలకట్టు ఇంకెవరికీ రాదు," అంది. "అచ్చం నీ రాతే. పోనీలే పెయింటరూ, చెయ్యి బాగైపోయిందన్నమాట. ఎంత సంతోషంగా ఉందో."

తలుపు దగ్గర బాబాయి తల వంచుకున్నాడు.

"నా చేతికేమైందమ్మగారూ?" అన్నాడు నాన్న.

ఓనరమ్మ భూతద్దం కింద పెట్టింది. నోరు జారానని ఆవిడకి అర్థమైంది. "ఏం కాలేదు, బాగుందంటున్నాను," అని గబగబా మాట మార్చింది. "బాగుంది కనక, అద్దాల పెట్టె మీద పెట్టే బోర్డు కూడా నువ్వే రాసెయ్యి. పేరూ, బస్సు తిరిగిన సంవత్సరాలూ. ఏవయ్యా, ఆ కుంచె ఇలా తే."

బాబాయి కదల్లేదు. మళ్ళీ చెప్తే కదిలాడు. చెక్క బోర్డు, కుంచె, నల్లరంగు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా అక్షరాలు అంత బాగా కుదరకపోయినా బాగుండేదని నాకు అప్పుడనిపించింది. నాన్న కుంచె అందుకున్నాడు. కుడిచేత్తోనే అందుకున్నాడు.

"నాన్నకి మణికట్టు బెణికిందండీ," అన్నాను. "నిన్న మెట్ల దగ్గర జారి..."

"బెణకలేదు," అన్నాడు నాన్న.

కుంచె కొస గాల్లో సన్నగా ఆడుతోంది. అందరం దాన్నే చూస్తున్నాం, చూడనట్టు చూస్తున్నాం.

"వణుకుతుంది. బాగవ్వలేదు," అన్నాడు. "మీకెప్పుడు తెలిసింది?"

ఓనరమ్మ కుర్చీలో కూర్చుంది. "నువ్వు సాయంత్రాలు డబ్బాల మూతలు పెట్టలేక, అలాగే గుడ్డ కప్పి వెళ్ళిపోయేవాడివి. పొద్దున్నే ఇతను వచ్చి పెట్టేవాడు," అంది బాబాయిని చూపిస్తూ.

నాన్న బాబాయి వైపు తిరిగాడు. "అందుకా స్టిక్కర్లు తెచ్చారు?"

"మరి నిన్ను నిచ్చెనెక్కించి కింద నిలబడి చోద్యం చూడమంటావా అన్నయ్యా?" బాబాయి గొంతులో ఏళ్ళ నాటి విసుగు. "కింద కూర్చుని రంగులు కలిపితే చాలని అమ్మగారు అనుకున్నారు. ఆ మాట చెప్పేలోపే నువ్వు మూట కట్టేశావ్. కబురు మీద కబురు పెడితే వచ్చావా?"

"ఒక్క మాట చెప్పి ఏడవొచ్చు కదరా."

"చెప్తే వినేవాడివా నువ్వు?"

దానికి జవాబు నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు, వీధిలో పోయేవాళ్ళకీ తెలుసు. నాన్న కుంచె బల్ల మీద పెట్టాడు. అక్కడున్న వాళ్ళలో ఒక్కరు కూడా అయ్యో అనలేదు. బాబాయికి కోపంగా ఉంది, ఓనరమ్మకి కోపంగా ఉంది. నాకు ఈ ముగ్గురి మీదా కోపంగా ఉంది. ఇన్నేళ్ళు ఒకరి సంగతి ఒకరి దగ్గర దాచుకుని, మా ఇంట్లో నాతో మాటలు లేకుండా చేశారు.

"అయితే ఇది?" అంది ఓనరమ్మ, బస్సు చూపించి.

"అక్షరాలు నావే. రాసింది నేను కాదు," అన్నాడు నాన్న. "మా అమ్మాయి అచ్చువేసి అంటించింది. స్టిక్కరు."

ఆవిడ నమ్మలేదు. పేరు అంచుని గోటితో వెతికింది. గోటికి ఏమీ తగల్లేదు. మళ్ళీ వెతికింది.

"గోరు పెట్టకండి అమ్మగారూ," అన్నాడు నాన్న. "దానికి చాలా కష్టపడింది." తర్వాత నా వైపు తిరిగి, "బోర్డు కొలత తీసుకో," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఏంటలా చూస్తావ్? అక్షరాలు బస్సులకి నేను రాసిన పాత బోర్డుల్లోంచి ఏరి ఇస్తాను. అచ్చు నువ్వెయ్యి. ముందు కొలత తీసుకో."

"టేపు తేలేదు నాన్నా."

"టేపు లేకుండా పనికి బయల్దేరతారా ఎవరైనా? ఇదేనా ఆ దుకాణంలో నేర్పేది?"

పనికి బయల్దేరలేదు, బస్సు అప్పజెప్పడానికి వచ్చామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. బోర్డు మీద జాన పరిచాను. అది జారకుండా నాన్న అవతలి అంచుని కుడిచేత్తో పట్టుకున్నాడు. చెక్క బల్లకి కొట్టుకుని టకటకమంటోంది. ఓనరమ్మా బాబాయీ చూస్తున్నారు. చూడనీ అన్నట్టు ఆయన చెయ్యి తియ్యలేదు.

"బోర్డు కదులుతోంది నాన్నా," అన్నాను.

"కదులుతుంది మరి," అన్నాడు నాన్న. "నువ్వు కొలుచుకో."